జెండాలు కుట్టే ఆయన రక్తం

సీతమ్మధారలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరేసరికి నాకు ఇరవై మూడేళ్ళు. డెబ్బైల చివరి మాట. మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకు దగ్గర. నాన్న రైల్వేలో ఫిట్టరు. ఉద్యోగం సంగతి చెప్పగానే మా పిన్ని నెత్తి కొట్టుకుంది.

"పిచ్చి డాక్టరు దగ్గర పనేటే? రేపు నిన్నెవులు సేసుకుంతారు?"

"నాకు పిచ్చోల్లతో పనినేదు పిన్నీ. ఆల్ల రగతంతోనే పని," అన్నాను.

అప్పుడు అది తెలివైన జవాబనుకున్నాను.

డాక్టరుగారు బెంగుళూరులో చదివి, రెండేళ్ళు పై దేశంలో పనిచేసి వచ్చినాయన. నలభై అయిదేళ్ళుంటాయి. గదిలో గోడకి మెదడు బొమ్మ ఒకటి, తలుపంత ఉండేది, రంగురంగులది. రోగి వెంట వచ్చినవాళ్ళని దాని ముందు నిలబెట్టేవారు. "ఇది దయ్యం కాదు, శాపం కాదు. షుగరు లాంటిదే, బీపీ లాంటిదే. పెంకితనమూ కాదు. మెదడుకి జబ్బు చేసింది, మందుంది," అనేవారు. కొందరు ఆ బొమ్మకి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆయనకి ఒళ్ళు మండేది.

నన్ను ముఖ్యంగా ఒక మిషను కోసం పెట్టుకున్నారు. ఫ్లేమ్ ఫోటోమీటరు. రక్తంలో ఉప్పు ఎంతుందో మంటను బట్టి చెప్పే యంత్రం. రక్తం పైన తేరిన నీటిని పలచన చేసి, సన్నటి గొట్టంతో గ్యాసు మంటలోకి పీల్పిస్తే, అందులో ఏ లోహం ఎంతుంటే దాని రంగు అంత వెలుగుతుంది, ముల్లు అంత కదులుతుంది. ఆయనకి కావలసింది లిథియం. ఆకాశాన్ని అంటి, మళ్ళీ పాతాళంలో పడే జబ్బు ఒకటుందే, దానికి ఆ మందు. మేలు చేసే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే నెలనెలా రక్తం చూడాలి. అంకె ఒకటి చుట్టూ ఉంటే మంచిది. రెండుకి చేరితే విషం.

ఉత్త లిథియం ద్రావణం పోస్తే మంట ఎర్రగా, కుంకుమ చల్లినట్టు లేచేది. మనిషి రక్తం పోస్తే మాత్రం పసుపే కనిపించేది, మన ఒంట్లోని మామూలు ఉప్పు రంగు. ఆ పసుపులో దాగున్న ఎరుపు కంటికి ఆనదు. మిషనులోని గాజు ఫిల్టరుకే తెలుస్తుంది.

నాలుగింటికి డాక్టరుగారు టీ గ్లాసు పట్టుకుని ల్యాబులోకి వచ్చేవారు. నిలబడే తాగుతూ ఈ శాస్త్రం పుట్టుక గురించి చెప్పేవారు. వెనక పిచ్చి తగ్గించడానికి మలేరియా జ్వరం ఎక్కించేవారట. ఇన్సులిన్ ఎక్కువగా ఇచ్చి మనిషిని చావు అంచుదాకా పంపి మళ్ళీ లేపేవారట. కనుగుడ్డు పైనుంచి ఇనప పుల్ల దూర్చి మెదడులో దారులు తెంపేవారట. "అదంతా ఎప్పుడో కాదమ్మా, నేను పుట్టాక కూడా జరిగింది," అనేవారు. ఆ తర్వాత ఆపరేషన్ల ముందు ఇచ్చే మందొకటి పిచ్చాసుపత్రుల్లో కేకలు ఆపిందట. క్షయకిచ్చిన మందుకి, దగ్గి దగ్గి మంచం పట్టినవాళ్ళు వార్డులో చిందులేశారట.

అన్నిటికన్నా లిథియం కథ ఆయనకి ఇష్టం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక ఆస్ట్రేలియా డాక్టరు, ఆసుపత్రిలో ఎవరూ వాడని వంటగదిలో గినీ పందులకి ఆ ఉప్పు ఎక్కించాడు. వెల్లకిలా పడేస్తే గిజగిజలాడాల్సిన జీవాలు, కాళ్ళు పైకెత్తుకుని శాంతంగా ఆయన మొహంలోకి చూస్తూ పడుకున్నాయి. ముందు తను మింగి చూసుకుని, తర్వాత అయిదేళ్ళుగా వార్డులో అరుస్తున్న ఒక మనిషికి ఇచ్చాడు. కొన్ని నెలల్లో ఆ మనిషి ఇంటికెళ్ళి, పాత ఉద్యోగంలో చేరాడు.

"తర్వాత అతనేమయ్యాడు సార్?" అని అడిగాను ఒకసారి.

"తర్వాతేముంది? ఇప్పుడు లోకమంతా అదే మందు వాడుతోంది," అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు.

జెండాలు కుట్టే ఆయన వచ్చింది నేను చేరిన నాలుగో ఏటో అయిదో ఏటో. వన్‌టౌన్‌లో, హార్బరుకి దగ్గర సందులో ఆయన కొట్టు. ముస్లిములు. తండ్రినాటి నుంచి ఓడలకి సంకేత జెండాలు కుట్టే పని. వయసు నలభై దాటి ఉంటుంది. భార్య, బావమరిది చెరో రెక్క పట్టుకుని తెచ్చారు. అంతకుముందు పదిరోజులు నిద్ర లేదట. కొట్టులో ఉన్న గుడ్డంతా కుట్టేసి, ఆ జెండాలన్నీ తాడుకి గుచ్చి సందుకి అడ్డంగా కట్టి, నడిరోడ్డు మీద నిలబడి రిక్షాలకి, లారీలకి దారి చెప్పాడట. దర్గాకి తీసుకెళ్తే అక్కడ తాయెత్తు కట్టిన పెద్దాయనకే పాఠం చెప్పాడట.

లిథియం మొదలుపెట్టిన నెలన్నరలో ఆ మనిషి మామూలు మనిషయ్యాడు. అంతటి మార్పు నేను కళ్ళారా చూడటం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా, దువ్విన గడ్డం, మాటలో మర్యాద. నెలకోసారి పొద్దున్నే, మాత్ర వేసుకోకుండా, రక్తం ఇవ్వడానికి వచ్చేవాడు. నన్ను సిస్టరమ్మా అనేవాడు. సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకుని జెండాల సంగతులు చెప్పేవాడు.

"నీలం మీద తెల్ల సదరముందనుకో సిస్టరమ్మా, ఓడ ఇయాలే బయలెల్తాదని అర్తం. ఉత్త పసుపు జెండా ఎగరేసినారనుకో, మా ఓడలో రోగం నేదు, లోపలికి రానీండి అని."

"చేతులెలా ఉన్నాయి?" అని అడిగేదాన్ని. ఆ మందుకి కొద్దిగా వణుకు ఉంటుంది.

"కొంచెం ఒణుకుతన్నాయి. సూదిలో దారం మా ఆడోల్లు ఎక్కిత్తారు. కుట్టు మాత్రం నాదే," అని నవ్వేవాడు.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. అయిదారేళ్ళు గడిచేసరికి రోగులు నన్ను అడగడం మొదలుపెట్టారు. డాక్టరుగారంటే భయం, ఆయన ఇంగ్లీషులో మాట్లాడతారని జంకు. కర్టెను ఇవతల నేనున్నాను. మాత్ర పాలతో వేసుకోవచ్చా, పెళ్ళికెళ్తున్నాం పరవాలేదా, అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. చాలావరకు సరిగ్గానే చెప్పేదాన్ని. అలా చెప్పడం నాకు బాగుండేది. దాచేదేముంది, చాలా బాగుండేది.

ఆ ఏడు రంజాను నడివేసవిలో పడింది. రోజాల ఉపవాసాలు మొదలవడానికి వారం ముందు ఆయన రక్తం ఇవ్వడానికొచ్చాడు. నేను ట్యూబు మీద పేరు రాస్తున్నాను. తల ఎత్తలేదు.

"సిస్టరమ్మా, ఒక మాట. రోజాలుండొచ్చా నాను? పోయినేడు ఒంట్లో బాగోక ఉండనేదు. అందరూ ఉంతుంటే నానొక్కడినే తింతన్నాను. అల్లాకి ఏటి సెప్పుకోవాల?"

"ఉండొచ్చు. పొద్దున మాత్ర తెల్లారకముందు వేసుకోండి, సాయంత్రం మాత్ర ఉపవాసం విడిచాక వేసుకోండి. సరిపోతుంది," అన్నాను.

"డాక్టరుగారినడగాలేటి?"

"ఇంత దానికి ఆయనెందుకు?"

ఆయన మొహం విచ్చుకుంది. "అయితే ఉంతాను," అని లేచి వెళ్ళాడు. డాక్టరుగారు కర్టెనుకి అవతల, పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు.

మేం క్రైస్తవులం. ఈస్టరుకి ముందు శ్రమకాలంలో మా ఇంట్లోనూ ఉపవాసాలుంటాం. సాయంత్రందాకా తినం, మంచినీళ్ళు మాత్రం తాగుతాం. ముస్లిములు చుక్క నీళ్ళు కూడా ముట్టరని నాకు తెలుసు. తెలియదని అబద్ధం ఆడను. ఒంట్లో నీరు తగ్గితే లిథియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుందనీ తెలుసు. డాక్టరుగారే చెప్పారు, టీ గ్లాసు పట్టుకుని. ఆ రెండు తెలిసిన సంగతులూ ఆ పొద్దున నా తలలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు. అంతే జరిగింది. అంతకన్నా మంచి కారణం ఇన్నేళ్ళు వెతికినా నాకు దొరకలేదు.

రోహిణీ కార్తె వచ్చింది. ఆ ఏడు సముద్రం గాలి కూడా వేడిగానే వీచింది. క్లినిక్‌లో మధ్యాహ్నాలు కరెంటు పోయేది. రేకుల కప్పు కింద కూర్చుని జెండాల ఆయన కుట్టుమిషను తొక్కుతున్నాడన్న ఊహే నాకు రాలేదు. నేను మద్దిలపాలెం జంక్షనులో బస్సు దిగి చెరకురసం తాగి, నడిచి పనికొచ్చేదాన్ని.

మూడో వారంలో ఒక పొద్దున రిక్షా ఆగింది. ఆయన భార్య ముందు దిగి ఆయన్ని దింపింది. ఆయన నేల మీద అడుగు ఎక్కడ వేయాలో తెలియనట్టు కాలెత్తి వెతుక్కుంటున్నాడు. చేతులు వణకడం కాదు, ఎగురుతున్నాయి. పెదవి పక్క నుంచి చొంగ.

"నాల్రోజులబట్టి ఇరోసనాలు డాక్టరుగారూ. రోజాల నీరసం అనుకున్నాం. తూలిపోతంటే బజార్లో జనం తాగీసినాడంతన్నారు. రంజాన్ల తాగీసినాడని," అంది భార్య. ఆవిడకి ఏడుపు కన్నా కోపం ఎక్కువగా ఉంది.

డాక్టరుగారు ఆయన మొహం చూడగానే నా వైపు తిరిగారు. "రక్తం తియ్యి. వెంటనే."

నరం దొరకలేదు. చర్మం ఎండి అతుక్కుపోయింది. రెండు చేతులూ భార్య పట్టుకుంటే మూడోసారి దొరికింది. మంట వెలిగించాను. మంట పసుపు రంగులోనే ఉంది, ఎప్పటిలాగే. ముల్లు మాత్రం కొలత చివరిదాకా పోయి అక్కడ ఆగిపోయింది. మళ్ళీ పలచన చేసి చూశాను. ఇంకోసారి చూశాను. మూడు దాటింది. కాగితం మీద అంకె రాస్తున్నప్పుడు నాకు అర్థమైంది. చదువుకున్నదంతా ఒక్కసారిగా వచ్చి నిలబడింది.

డాక్టరుగారు అంకె చూశారు. "నీళ్ళు కూడా తాగకుండా ఉన్నాడా? ఈ ఎండలో? ఈ మందు వేసుకుంటూ ఉపవాసాలుండమని ఎవరు చెప్పారు?"

గదిలో నలుగురం ఉన్నాం. నేను కర్టెను పక్కన, చేతిలో ట్యూబుతో నిలబడి ఉన్నాను. భార్య నా వైపు చూసింది. నేను నోరు తెరిచాననే అనుకుంటాను. ఈలోగా బల్ల మీద పడుకున్న ఆయన, ముద్దగా, ఒక్కో మాటా తోసుకుంటూ అన్నాడు.

"ఎవులూ... సెప్పనేదు. నాను... ఎవుల్నీ... అడగనేదు."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. కేసు షీటులో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. వైద్యుడి సలహా లేకుండా, చెప్పకుండా ఉపవాసాలు ఉన్నాడు అని దాని అర్థం. ఆ షీట్లు సర్దే పని నాదే. పెద్దాసుపత్రికి పంపేముందు నేనే దాన్ని ఫైల్లో పెట్టాను.

నాలుగు రోజులు స్పృహ లేదు. సెలైను మీద సెలైను ఎక్కించారు. అయిదో రోజు కళ్ళు తెరిచాడు. రక్తంలో మందు పూర్తిగా దిగిపోయింది. డాక్టరుగారు, నేను కూడా, ఇక అన్నీ వెనక్కి వస్తాయనుకున్నాం. మాట వచ్చింది గానీ, ఒక్కో ముక్కా విరిగి విరిగి వచ్చేది. నడక వచ్చింది గానీ, గోడ పట్టుకుంటేనే. చేతుల వణుకు తగ్గలేదు. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. గ్లాసు నోటిదాకా చేరేలోపు సగం నీళ్ళు చొక్కా మీదే. మెదడు వెనక భాగంలో, మన అడుగుల్నీ వేళ్ళనీ సర్దిపెట్టే చోట, విషం పనిచేసి వెళ్ళిపోయింది. గోడ మీద బొమ్మలో ఆ చోటు లేత ఆకుపచ్చ. నేను రోజూ దాని ముందు నుంచే నడవాలి.

ఆయన పడిపోయాక ఆరు నెలలు ఎలా గడిపానో చెప్పలేను. పని చేసేదాన్ని. ఆదివారం గుళ్ళో పాటలు పాడేదాన్ని. పెళ్ళి సంబంధం ఒకటి వస్తే వద్దన్నాను, కారణం చెప్పలేదు. పొద్దున్నే మంట వెలిగించగానే ఆ గొంతు వినిపించేది, ఎవుల్నీ అడగనేదు అని. నా కోసం అబద్ధం ఆడాడు. చావుకి దగ్గరగా ఉండి, నా ఉద్యోగం కాపాడాడు. ఆ మాట తలుచుకున్న ప్రతిసారీ నా మీద నాకు అసహ్యమూ, ఆయన మీద భక్తి లాంటిదీ కలిగేవి. ఆ భక్తిని పట్టుకునే బతికాననుకుంటాను.

చివరికి ఒక శుక్రవారం సెలవు పెట్టి వన్‌టౌన్ వెళ్ళాను. కొట్టు తెరిచే ఉంది. కుట్టుమిషను మీద ఆయన భార్య కూర్చుంది. ఎర్ర గుడ్డకి తెల్ల గుడ్డ అతికి కుడుతోంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెబుతున్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"సిస్టరమ్మా. రా... రా తల్లీ."

నేను కూర్చోలేదు. "మీరు రోజాల సంగతి నన్నడిగారు. ఉండొచ్చని నేనే చెప్పాను. ఆ రోజు డాక్టరుగారి ముందు మీరు నన్ను కాపాడారు," అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నిజంగా అర్థం కాని చూపు.

"నిన్ను... అడిగానేటి?"

"అడిగారు."

"నాకు... గేపకం నేదమ్మా. ఆ నెల... ఏదీ గేపకం నేదు. రిక్షా ఎక్కింది... నేదు. డాక్టరుగారి కాడికి ఎల్లింది... నేదు."

ఆ రోజు ఆయన చెప్పింది అబద్ధం కాదేమో. నన్ను కాపాడటం కాదేమో. విషం నిండిన మెదడు, తను అడిగిన మాటనే అప్పటికే తుడిచేసిందేమో. దయ అనుకుని నేను ఆరు నెలలు గుండెల్లో పెట్టుకున్నది ఉత్త జబ్బు లక్షణమేమో. అడిగి తెలుసుకోవడానికి ఆ మనిషే సాక్షి, ఆయనకే తెలియదు. ఏ మిషనులో పోసి చూడను?

ఆవిడ మిషను ఆపింది. వేలికి చుట్టి దారం తెంపి, గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు గేపకముంది," అంది. "ఆ దినం ఇంటికొచ్చి సెప్పినాడు. సిస్టరమ్మ ఉండొచ్చంది అని. పండగొచ్చినంత సంతోసం మడిసికి. మరి డాక్టరుగారు ఎవులు సెప్పినారని అడిగితే, నాను మీ మొగం సూసినాను. మీరు సెప్తారని."

"సెప్తారని సూసినాను," అంది మళ్ళీ. గొంతు పెంచలేదు.

"మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాను. అడగకూడని మాట.

"మా ఆయన ప్రేనం మీ సేతుల్లో ఉంది అప్పుడు. మీతో తగువెట్టుకుంతానా?" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మర్నాడు డాక్టరుగారికి చెప్పాను. నిలబడి, మొదటి నుంచి చివరిదాకా. అయ్యాక ఆయన లేచి వెళ్ళి ఫైలు తనే తీసుకున్నారు. రాసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, క్లినిక్‌లో అడిగాడు, తప్పు చెప్పారు అని రాశారు. "తప్పు చెప్పింది నువ్వు. కానీ రంజాను వస్తోందని క్యాలెండరులో నాకూ కనిపించింది. ఆయన ముస్లిమని నాకు తెలుసు. నేను అడగలేదు," అన్నారు.

నన్ను పొమ్మంటారనుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి వేరే మాటెత్తారు.

"ఆ ఆస్ట్రేలియా డాక్టరు మొదటి రోగి ఏమయ్యాడని అడిగావు కదా ఒకసారి. బాగై ఇంటికెళ్ళాడు. మందు మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ ఇచ్చారు. ఆ మందు విషమై చచ్చిపోయాడు. అప్పట్లో రక్తంలో ఎంతుందో చూసే మిషను లేదు." ఇంకో మాట కూడా అన్నారు. "ఆ గినీ పందులు కూడా శాంతించలేదేమో, విషం ఎక్కి కదల్లేక పడున్నాయేమో అని ఇప్పుడు కొందరంటున్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. కథలో ఆ ముక్క చెప్పేవాణ్ణి కాదు."

ఆ తర్వాత ఆయన ల్యాబులోకి టీ తెచ్చుకోవడం మానేశారు. ప్రతి రోగినీ ఏం తింటావు, ఏం పని, ఎండలో ఎంతసేపు, ఏ ఉపవాసాలు, అని తనే అడిగేవారు. జెండాల ఆయనకి లిథియం ఆపి, మూర్ఛకిచ్చే మందొకటి మొదలుపెట్టారు. అది కొంత పనిచేసింది. ఒకటి రెండు సార్లు జబ్బు తిరగబెట్టినా, రోడ్డెక్కే శక్తి ఆ ఒంట్లో లేదు. కొట్టు మాత్రం ఆవిడ నడిపింది. ఆవిడ కుట్టు ఆయన కుట్టంత సన్నం కాదని, అయినా సరుకు అమ్ముడుపోతోందని విన్నాను.

నేను ఇంకో మూడేళ్ళు అక్కడే పనిచేశాను. ఎవరేం అడిగినా కర్టెను పక్కకి లాగి, డాక్టరుగారిని అడగండి అనేదాన్ని. కొందరు నన్ను పొగరుబోతు అనుకున్నారు.

మానేసే ముందు వేసవిలో జెండాల ఆయన భార్య మళ్ళీ క్లినిక్‌కి వచ్చింది. తమ సందులో ఉండే ఒక అమ్మాయినీ, ఆమె అన్ననీ వెంటబెట్టుకొచ్చింది. అతనికి నిద్ర లేదట, మాటలు ఆగడం లేదట. లిథియం మొదలుపెడతామన్నారు డాక్టరుగారు. నేను అతని చేతికి రబ్బరు కడుతుంటే ఆ అమ్మాయి నన్ను ఏదో అడగబోయింది. ఆవిడ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఉర్దూలో ఏదో చెప్పింది. నాకు అర్థమైనంతలో, ఈమెని కాదు, లోపలికెళ్ళి ఆయన్నే అడుగు అని.

నా వైపు చూడలేదు. అమ్మాయిని పట్టుకుని కర్టెను దాటి లోపలికి తీసుకెళ్ళింది. నేను రక్తం తీసి, ట్యూబు మీద పేరు రాసుకున్నాను. లోపల ఆవిడ ఒక్కో ప్రశ్నా అడిగిస్తోంది. నీళ్ళ గురించి, ఎండ గురించి, రోజాల గురించి. డాక్టరుగారు ఒక్కోదానికీ తెలుగులో, నెమ్మదిగా జవాబు చెబుతున్నారు.